పిండి తగ్గించి తినేవాళ్లకు ఏ పచ్చి చిక్కుళ్లు సరిపడతాయి? మార్కెట్ నుంచి కంచం దాకా

షుగర్ వచ్చిందని డాక్టర్ అన్నం తగ్గించమనగానే ఇంట్లో అందరికీ వచ్చే మొదటి సందేహం ఒకటే. మరి కడుపు దేంతో నింపుకోవాలి? చిక్కుళ్లు, బీన్స్ ఎక్కువ తినమని ఒకరంటారు. అవి పప్పుజాతి కదా, వాటిలోనూ పిండే కదా అని ఇంకొకరు అడ్డుపడతారు. ఇద్దరి మాటా నిజమే. ఒకే పాదుకు కార్తీకంలో కోసిన లేత చిక్కుడుకాయలో పిండి నామమాత్రం. అదే పాదుకు మాఘంలో గింజ కట్టిన కాయ వొలిస్తే వచ్చేది దాదాపు పప్పే. కాబట్టి కాయ పేరు పట్టుకుని మంచిదా చెడ్డదా అని అడిగితే జవాబు దొరకదు. లోపలి గింజ ఎంత ముదిరిందో చూడటం నేర్చుకుంటే చాలావరకు పని అయిపోతుంది. ఎలా చూడాలో, ఏ కాయకు ఏ మినహాయింపు ఉందో, ఎంత తినొచ్చో వరసగా చెబుతాను.

ముందుగా ఒక చిన్న ఏర్పాటు. మనం పిండిపదార్థం అన్నప్పుడు ఒక్కోసారి స్టార్చ్ ఒక్కటే అనుకుంటాం, ఒక్కోసారి చక్కెరలతో కలిపి మొత్తం కార్బోహైడ్రేట్లు అనుకుంటాం. లెక్క తప్పేది ఇక్కడే. ఇక్కడ స్టార్చ్‌ను స్టార్చ్ లేదా పిండి అనే రాస్తాను, మొత్తం లెక్కను కార్బ్స్ అంటాను.

మీరు పిండి ఎందుకు తగ్గిస్తున్నారు?

కాయల దగ్గరికి వెళ్లే ముందే ఇది తేల్చుకోవాలి. కారణాన్ని బట్టి ఒకే కాయకు రెండు రకాల జవాబులు వస్తాయి.

షుగర్ ఉన్నవాళ్లకు స్టార్చ్, చక్కెర రెండూ లెక్కలోకి వస్తాయి. పీచు రాదు. కాబట్టి వాళ్లు చూడాల్సింది ఒక పూట భోజనంలో మొత్తం కార్బ్స్ ఎన్ని, అందులో పీచు పోను ఎంత మిగిలింది అన్నది. లేత పచ్చి బఠాణీలో స్టార్చ్ తక్కువే ఉండొచ్చు గానీ తియ్యదనం ఉంది, అదీ లెక్కే. ఇలాంటివాళ్లకు పూర్తి నిషేధం అవసరం లేదు. కొలత ఉంటే చాలు.

ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్నెముక వాతం ఉన్నవాళ్లలో కొందరు స్టార్చ్‌ను దాదాపు పూర్తిగా మానేస్తారు. లండన్‌లోని కింగ్స్ కాలేజీలో పనిచేసిన అలన్ ఎబ్రింగర్ 1990లలో ఈ పద్ధతిని ముందుకు తెచ్చారు. పేగుల్లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా అరగని స్టార్చ్ మీద పెరుగుతుందనీ, దాని మీద శరీరం తయారుచేసే యాంటీబాడీలు కీళ్లను కూడా దెబ్బతీస్తాయనీ ఆయన వాదన. దీనికి గట్టి రుజువులు రాలేదు, కాబట్టి ఈ డైట్ కోసం మందులు మానడం తప్పు. మందులతో పాటు పాటించాలనుకునేవాళ్లకు మాత్రం స్టార్చ్ దాచుకునే జాతుల్లో ముదిరిన గింజ ఏదైనా కుదరదు. లేత కాయలే గతి.

పుట్టుకతోనే చక్కెరనూ, కొంతవరకు స్టార్చ్‌నూ అరిగించే సుక్రేజ్-ఐసోమాల్టేజ్ అనే ఎంజైమ్ లోపించిన పిల్లలుంటారు. ఇది అరుదు. వీళ్ల విషయంలో ఏ కాయ ఎంత అన్నది పీడియాట్రిక్ గ్యాస్ట్రో డాక్టరూ డైటీషియనూ కలిసి తేల్చాలి.

ఇక గ్యాస్ పడుతోందని పిండి మానేసేవాళ్లు. చిక్కుళ్లు తింటే కడుపు ఉబ్బడానికి ముఖ్య కారణం స్టార్చ్ కాదు, రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు. వాటిని అరిగించే ఎంజైమ్ మనిషి పేగుల్లో లేదు. పెద్దపేగులో బ్యాక్టీరియా వాటిని పులియబెడితే గ్యాస్ పుడుతుంది. మీ ఇబ్బంది ఇదైతే స్టార్చ్ పరీక్షలతో పనిలేదు. కొద్దికొద్దిగా అలవాటు చేసుకోవడం, గింజలైతే నానబెట్టిన నీళ్లు పారబోసి ఉడికించడం ఎక్కువ ఉపయోగపడతాయి.

కాయలో పిండి ఎక్కడ చేరుతుంది

ఆకులో తయారైన చక్కెర కాయలోకి వస్తుంది. కాయ లేతగా ఉన్నప్పుడు తొక్కలో నీరు, పీచు, కొద్దిపాటి చక్కెర ఉంటాయి. గింజ ఇంకా చిన్న మొగ్గలా ఉంటుంది. కాయ పెరిగేకొద్దీ మొక్క తన సరుకునంతా గింజలోకి తరలిస్తుంది, ఎందుకంటే రేపు మొలక ఎత్తేటప్పుడు తినడానికి ఆ గింజకు దాణా కావాలి. చిక్కుడు, అలసంద, కంది, బఠాణీ, శనగ తమ దాణాను ఎక్కువగా స్టార్చ్ రూపంలో దాచుకుంటాయి. అందుకే గింజ ఉబ్బిన ప్రతి రోజూ పిండి పెరిగిన రోజే.

అన్ని మొక్కలూ స్టార్చే దాచవు, ఇది గుర్తుపెట్టుకోవాలి. సోయా, వేరుశనగ ఎక్కువగా నూనె, ప్రొటీన్ దాచుకుంటాయి. గోరుచిక్కుడు గింజలో గెలాక్టోమన్నన్ అనే జిగురు ఉంటుంది. ఐస్‌క్రీముల్లో, సాస్‌లలో చిక్కదనం కోసం వేసే గువార్ గమ్ ఇదే. అది స్టార్చ్ కాదు, కరిగే పీచు. కాబట్టి ఈ మూడింటి గింజ ముదిరినా స్టార్చ్ భయం తక్కువ.

మార్కెట్లో చూపుతో, చేత్తో

కాయను వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. లేత చిక్కుడుకాయలో గింజలు నీడల్లా చిన్నగా, దూరందూరంగా కనిపిస్తాయి. తర్వాత బొటనవేలితో కాయ పొడవునా తడమండి. గింజ గింజకూ గుట్టలు తగులుతుంటే అది గింజ కట్టిన కాయ. అది మీ లెక్కలో కూరగాయ కాదు, సగం పప్పు.

ఫ్రెంచ్ బీన్స్ అయితే విరిచి చూడాలి. లేతది పుటుక్కున విరిగి, విరిగిన చోట తడి కనిపిస్తుంది. వంగి, నార సాగితే ముదిరింది. గోరుచిక్కుడు సన్నగా, ఆకుపచ్చగా, పొట్టిగా ఉన్నది తీసుకోండి. పొడవుగా సాగి, గింజలు ఉబ్బి, పసుపు తిరిగినది స్టార్చ్ కోసం కాకపోయినా నార కోసం వదిలేయాలి. అలసంద కాయలు మూరెడు పొడవున్నా పర్వాలేదు. పొడవు వాటి జాతి లక్షణం. నునుపుగా, గట్టిగా ఉంటే లేత. మెత్తబడి, మధ్యమధ్యలో ముడుచుకుపోయి, గింజలు విడివిడిగా తెలుస్తుంటే వద్దు.

కాలం కూడా చెబుతుంది. చలికాలం మొదట్లో వచ్చే చిక్కుడుకాయలు ఎక్కువగా లేతవి. రథసప్తమి నాటికి, అంటే జనవరి చివర లేదా ఫిబ్రవరిలో, దేవుడికి రథం కట్టడానికి మనం కోసే కాయల్లో చాలావాటికి గింజ గట్టిపడి ఉంటుంది. రథానికి అవి బాగా పనికొస్తాయి. పిండి మానినవాళ్ల కూరకు మాత్రం ఆ బుట్టలోంచి లేతవి ఏరుకోవాలి.

బేరం చేసేటప్పుడు గుప్పెడు తీసి నాలుగైదు వేర్వేరు కాయలు విరవండి. పైన లేతవి పేర్చి కింద ముదురువి పోసిన గంపలు మనకు కొత్త కాదు.

ఇంటికి తెచ్చాక ఈనెలు తీసేటప్పుడే రెండు గిన్నెలు పెట్టుకోండి. లేతవి ఒకదాంట్లో, గింజ కట్టినవి వొలిచి గింజలు ఇంకోదాంట్లో. గింజల గిన్నె ఇంట్లో పిల్లలకో, పిండి పట్టింపు లేనివాళ్లకో వండండి. ఇంత సులువైన పని చాలా ఇళ్లలో జరగదు. అన్నీ కలిపి వండేసి, షుగర్ ఉన్న మనిషికి కాయ కూరే కదా అని రెండు గరిటెలు ఎక్కువ వడ్డిస్తాం.

అనుమానం ఉంటే అయోడిన్ చుక్క

స్టార్చ్ ఉందో లేదో కంటితో చూడొచ్చు. స్కూల్లో బంగాళదుంప మీద అయోడిన్ వేసి చూసిన ప్రయోగమే ఇది. మెడికల్ షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ గానీ, గాయాలకు రాసే బెటాడిన్ లాంటి పోవిడోన్ అయోడిన్ ద్రావణం గానీ సరిపోతుంది. ఆయింట్‌మెంట్ వద్దు, ద్రావణం కావాలి.

ఒక చెంచా నీళ్లలో కొన్ని చుక్కలు కలిపి, పలచటి టీ రంగు వచ్చేలా చేయండి. ఒక పాత సాసర్‌లో నాలుగు ముక్కలు పెట్టండి: పచ్చి బంగాళదుంప, కీరదోస, పరీక్షించాల్సిన కాయ తొక్క ముక్క, అదే కాయలోంచి తీసి అడ్డంగా సగానికి కోసిన గింజ. ఒక్కోదాని మీద ఒక చుక్క వేసి ఒకట్రెండు నిమిషాలు ఆగండి. బంగాళదుంప నల్లని నీలంగా మారాలి, అది మీ ద్రావణం పనిచేస్తోందనడానికి గుర్తు. కీరదోస గోధుమరంగులోనే ఉండాలి. మీ గింజ ఈ రెండింట్లో దేనికి దగ్గరగా ఉందో చూసుకోండి. లేత బీన్స్ తొక్క మీద అక్కడక్కడ నల్ల చుక్కలు కనిపించొచ్చు. తొక్కలోనూ కొద్ది స్టార్చ్ తాత్కాలికంగా ఉంటుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. గింజ కోసిన ముఖమంతా నల్లబడితేనే పక్కన పెట్టండి.

కొన్ని జాగ్రత్తలున్నాయి. ముక్క చల్లగా ఉండాలి, వేడి మీద ఆ నీలం రంగు నిలవదు. నిమ్మరసం తగిలిన కూర మీద పరీక్షిస్తే సి విటమిన్ అయోడిన్ రంగునే పోగొట్టి స్టార్చ్ లేదన్నట్టు చూపిస్తుంది. పరీక్ష చేసిన ముక్కలు చెత్తలో వేయాలి, నోట్లో పెట్టకూడదు. అయోడిన్ పడనివాళ్లు ఈ పని ఇంకొకరికి అప్పగించాలి. అన్నిటికంటే ముఖ్యమైనది, ఈ పరీక్ష స్టార్చ్ ఉందా లేదా అనే చెబుతుంది. ఎన్ని గ్రాములో చెప్పదు, చక్కెరను అసలు పట్టుకోదు. వెన్నెముక వాతానికి స్టార్చ్ మానేవాళ్లకు ఇది నేరుగా పనికొస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు దీన్ని కాయ ఎంత ముదిరిందో చెప్పే గుర్తుగా మాత్రమే వాడుకోవాలి.

ఒక్కో కాయ సంగతి

ఇక్కడ ఇచ్చే అంకెలన్నీ 100 గ్రాములకు, అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల ప్రకారం సుమారుగా. ఆ పట్టికల్లో కార్బ్స్ అంటే పీచు కూడా కలిసే ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన భారతీయ ఆహార పట్టికల్లో కార్బ్స్ అంకె పీచు తీసేశాక ఇచ్చినది. అక్కడి అంకెలోంచి మళ్లీ పీచు తీసేస్తే తప్పు లెక్క వస్తుంది. ఆ పట్టికల్లో స్టార్చ్, చక్కెరలు విడివిడిగా కూడా ఉన్నాయి, ఓపిక ఉన్నవాళ్లు చూడదగినవి.

ఫ్రెంచ్ బీన్స్ అన్నిటికంటే సురక్షితం. 7 గ్రాముల కార్బ్స్, అందులో సుమారు 3 గ్రాములు పీచు, ఇంకో 3 గ్రాములు చక్కెర, స్టార్చ్ ఒక గ్రాము లోపే. ఏ డైట్ వాళ్లయినా కళ్లు మూసుకుని మొదలుపెట్టగల కాయ ఇది.

గోరుచిక్కుడు, తెలంగాణలో గోకరకాయ, నా దృష్టిలో మనవాళ్లు తక్కువ చేసి చూసే కాయల్లో మొదటిది. పీచు ఎక్కువ, గింజలో స్టార్చ్ బదులు జిగురు. ఆ కరిగే పీచు కడుపులో చిక్కబడి, అన్నంలోని గ్లూకోజ్ రక్తంలోకి చేరే వేగాన్ని కూడా తగ్గిస్తుంది. శుద్ధి చేసిన గువార్ గమ్ మీద ఈ ప్రభావాన్ని పరిశోధకులు చాలాసార్లు పరీక్షించి చూశారు. కూరలో అంత మోతాదు రాకపోయినా దారి అదే. కొంచెం చేదు, గరుకు అని పిల్లలు వద్దంటారు. లేతవి ఎంచుకుంటే ఆ ఫిర్యాదు సగం తగ్గుతుంది.

చిక్కుడుకాయ దగ్గరే అసలు జాగ్రత్త కావాలి. లేత కాయలో 9 గ్రాముల కార్బ్స్ ఉంటాయి, పీచు పోతే ఇంకా తక్కువ. పందిరి చిక్కుడు, కణుపు చిక్కుడు ఏదైనా లేతగా ఉంటే కూరగాయే. గింజ కడితే లెక్క మారిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఫోన్‌లోని కేలరీల యాప్‌లో మన చిక్కుడును బ్రాడ్ బీన్స్ అని వెతికితే అది మధ్యధరా దేశాల ఫావా గింజల అంకె చూపిస్తుంది. అవి వేరే మొక్క, కార్బ్స్ కూడా దాదాపు రెట్టింపు. హయసింత్ బీన్ లేదా లాబ్‌లాబ్ అని వెతకండి.

అనపగింజలు ఇదే కుటుంబం, గింజ కోసమే పండించే రకం. సంక్రాంతి రోజుల్లో మదనపల్లె, చిత్తూరు వైపు అనపగింజల కూర, నానబెట్టి పొట్టు పిసికి తీసిన పితికిన పప్పు చారు లేని ఇల్లుండదు. పక్కన రాగి సంగటి. ఎంత రుచి అయినా పిండి తగ్గించేవాళ్లకు అది పప్పు మీద సంగటి, అంటే పిండి మీద పిండి. పొట్టు పిసికేస్తే పీచు కూడా పోతుంది. షుగర్ ఉన్నవాళ్లు పొట్టుతోనే వండి, చిన్న కప్పు తీసుకుని, ఆ పూట సంగటిని సగం చేయాలి. స్టార్చ్ పూర్తిగా మానినవాళ్లు ఈ వంటకాన్ని వదులుకోవాల్సిందే. చెప్పడానికి నాకూ బాధగానే ఉంది గానీ దీనికి అడ్డదారి లేదు.

అలసంద లేదా బొబ్బర్లలో లేత కాయకు 8 గ్రాములు, వొలిచిన పచ్చి గింజకు 19 గ్రాములు. ఒకే మొక్క, రెట్టింపు తేడా. కాయ ముక్కలుగా వండుకోండి, గింజలు వేరు చేయండి.

పచ్చి కంది వీటన్నిటిలో బరువైనది. తెలంగాణ పల్లెల్లో చలికాలం కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టి, చేల గట్ల మీద కూర్చుని వొలుచుకు తింటారు. దాని తొక్క తినం, గింజే తింటాం. 24 గ్రాముల కార్బ్స్, పీచు 5 గ్రాములు. ఎండిన కందిపప్పుకంటే పచ్చిదానిలో నీరు ఎక్కువ కాబట్టి అంకె తక్కువ కనిపిస్తుంది, అంతే. పచ్చి శనగకాయలదీ (శనగపప్పు వచ్చే శనగ, వేరుశనగ కాదు) ఇదే దారి. గింజ గట్టిపడ్డాక పప్పులాగే లెక్కవేయాలి.

పచ్చి బఠాణీ మధ్యస్థం. 14.5 గ్రాములు, అందులో పీచు 5 దాటి ఉంటుంది, చక్కెర కూడా దాదాపు అంతే. తియ్యటి బఠాణీ రకాల గింజ ఎండితే ముడతలు పడుతుంది. జన్యుశాస్త్రానికి ఆద్యుడైన మెండెల్ తన ప్రయోగాల్లో గుండ్రటి, ముడతల బఠాణీలని వేరు చేసింది ఈ లక్షణాన్నే. ముడతల రకంలో చక్కెరను స్టార్చ్‌గా అల్లే ఒక ఎంజైమ్ సరిగా పనిచేయదు, అందుకే తీపి ఎక్కువ, పిండి తక్కువ. అయితే కోసిన బఠాణీ వేడిలో ఉంటే చక్కెర గంటల్లోనే స్టార్చ్‌గా మారడం మొదలవుతుంది. ఎండలో తోపుడుబండి మీద రెండు రోజులున్న బఠాణీ చప్పగా, పిండిపిండిగా ఉండేది అందుకే. కోసిన వెంటనే వేడినీళ్లలో ముంచి గడ్డకట్టించిన ఫ్రోజెన్ బఠాణీ కొన్నిసార్లు దానికంటే మేలు. షుగర్ ఉన్నవాళ్లకు పిడికెడు చాలు.

సోయా పచ్చికాయలు, ఎడమామె పేరుతో ఫ్రోజెన్ ప్యాకెట్లలో వస్తాయి. 9 గ్రాముల కార్బ్స్‌లో 5 పీచే, పైగా 12 గ్రాముల ప్రొటీన్. గింజ తినాలన్న కోరిక తీరాలంటే పిండి మానినవాళ్లకు ఇంతకంటే మంచిది దొరకదు. బాగా ఉడికించే తినాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రకూ సోయాకూ మధ్య ఎంత ఎడం ఉంచాలో డాక్టర్‌ను అడగాలి, సోయా ఆ మందు ఒంటికి పట్టకుండా అడ్డుపడగలదు.

ఉడికించిన పచ్చి వేరుశనగకాయల్లో కార్బ్స్ 21 గ్రాములని చూసి భయపడొద్దు. దాదాపు 9 గ్రాములు పీచు. ఇక్కడ చూసుకోవాల్సింది కేలరీలు. 100 గ్రాముల గింజలకు 300 దాటతాయి. దోసెడు దగ్గర ఆగండి.

అమెరికాలో, ఇంకా విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. ఇండియన్ స్టోర్ ఫ్రీజర్‌లో గుజరాతీ పేర్లతో ప్యాకెట్లుంటాయి. లిల్వా అన్న మాట ఉంటే అది వొలిచిన గింజ. పాపడి లిల్వా చిక్కుడు గింజలు, తువర్ లిల్వా పచ్చి కంది. రెండూ పిండి లెక్కలోకే వస్తాయి. వాలోర్, సుర్తి పాపడి అంటే చిక్కుడుకాయలు. సుర్తి పాపడిలో గింజ కట్టినవి చాలా ఉంటాయి కాబట్టి ప్యాకెట్ చూసి కొనండి. గువార్ అంటే మన గోరుచిక్కుడే, ధైర్యంగా తెచ్చుకోండి.

కంచంలో లెక్క

150 గ్రాముల ఫ్రెంచ్ బీన్స్ కూర తిన్నారనుకోండి. కార్బ్స్ 10.5 గ్రాములు, పీచు పోతే 6, 7 మిగులుతాయి. అదే 150 గ్రాముల పచ్చి కంది గింజలైతే 36 గ్రాములు, పీచు పోయినా 28 మిగులుతాయి. 100 గ్రాముల వండిన అన్నంలో ఉండే కార్బ్స్ కూడా దాదాపు అంతే. కంది గింజల కూర గిన్నెడు తిని, కూరే కదా అని పక్కన అన్నం కూడా యథావిధిగా తింటే ఆ పూట రెండు భోజనాలు చేసినట్టు.

నేను వాడమని చెప్పే పద్ధతి ఇది. లేత కాయ కూరకు కొలత అక్కర్లేదు, కంచంలో సగం దాకా పెట్టుకోవచ్చు. కాయలో గింజ సగం కట్టి ఉంటే ఒక కప్పు. వొలిచిన గింజ అయితే అర కప్పు, ఆ పూట అన్నంలోనో రొట్టెలోనో అంత తగ్గించాలి. ఇది షుగర్ ఉన్నవాళ్లకు. కిడ్నీ జబ్బు కూడా ఉంటే పొటాషియం పరిమితి వస్తుంది కాబట్టి లేత కాయల మోతాదు కూడా డాక్టర్‌నే అడగాలి.

వంటలో పిండి దొంగచాటుగా చేరే చోట్లు

కాయ ఎంత జాగ్రత్తగా ఎంచినా వంటింట్లో పాడైపోవచ్చు. చిక్కుడుకాయ కూరలో బంగాళదుంప వేయడం మనకు బాగా అలవాటు. బదులుగా వంకాయ వేయండి, వంకాయ చిక్కుడుకాయ ఎలాగూ పాత జోడీయే. కూర పొడిపొడిగా రావాలని శనగపిండి చల్లేవాళ్లు దానికి బదులు వేయించిన నువ్వుల పొడి వేయండి, లేదా పచ్చి కొబ్బరి, వెల్లుల్లి కారం. బీన్స్‌లో పెసరపప్పు వేసే అలవాటుంటే ఆ పప్పునూ లెక్కలో రాసుకోండి. కోస్తాలో గోరుచిక్కుడుకు బెల్లం ముక్క వేస్తారు. షుగర్ ఉన్నవాళ్లకు అది వద్దు. చేదు విరగడానికి ముందు ఉప్పునీళ్లలో ఒక పొంగు రానిచ్చి వంపేస్తే సరిపోతుంది. నీటితో పాటు కొన్ని విటమిన్లు పోతాయి గానీ స్టార్చ్ పెద్దగా పోదు. ఉడికించి వార్చితే పిండి పోతుందనే నమ్మకం చాలామందిలో ఉంది, గింజ విషయంలో అది నిజం కాదు.

తాలింపులో మినపప్పు, శనగపప్పు చెంచాడు వేస్తే షుగర్ ఉన్నవాళ్లకు నష్టం లేదు. స్టార్చ్ పూర్తిగా మానినవాళ్లు ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతో ఆపాలి. ఇంగువ డబ్బా మీద రాసింది చదవండి. మార్కెట్లో దొరికే ఇంగువ పొడిలో ఎక్కువగా మైదా గానీ వరిపిండి గానీ కలిసి ఉంటుంది.

గింజలు వండి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తింటే మంచిదని కొందరు చెబుతారు. చల్లారినప్పుడు స్టార్చ్‌లో కొంత భాగం అరగని రూపంలోకి మారుతుంది, షుగర్ కొంచెం నెమ్మదిగా పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇది చిన్న లాభం. ఎబ్రింగర్ పద్ధతి పాటించేవాళ్లకు మాత్రం సరిగ్గా వ్యతిరేకం, ఎందుకంటే వాళ్లు భయపడేది ఆ అరగని స్టార్చ్ గురించే.

ఏ గింజనూ పచ్చిగా తినొద్దు. రాజ్మా జాతి గింజల్లో, చిక్కుడు గింజల్లో పచ్చిగా ఉన్నప్పుడు కడుపుకు పడని పదార్థాలుంటాయి. బాగా మరిగిస్తేనే అవి విరుగుతాయి.

మీ ఒంటికి ఎలా ఉందో మీటర్‌ను అడగండి

ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే పట్టికలకంటే అదే నమ్మకమైనది. ఒక రోజు మామూలు అన్నం, పప్పు. ఇంకో రోజు అదే అన్నంలో సగం, మిగతాది లేత గోరుచిక్కుడు కూర. మరో రోజు సగం అన్నం, అర కప్పు అనపగింజలు. తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు ఒకసారి చూసి, రెండింటి తేడా ఒక పుస్తకంలో రాయండి. మందుల వేళ, నడక, అన్నం కొలత మారకుండా చూసుకుంటేనే పోల్చడానికి అర్థం ఉంటుంది. ఒకే రోజు అంకె చూసి తీర్పు చెప్పొద్దు, అదే భోజనం ఇంకోసారి తిని చూడండి.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు అన్నం ఒక్కసారిగా తగ్గించి కాయ కూరల మీద పడితే షుగర్ మరీ కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తల తిరగడం దాని గుర్తులు. అలా అనిపిస్తే వెంటనే చూసుకోవాలి, మీటర్‌లో 70 mg/dL కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూడాలి. డైట్ మార్చే వారమే డాక్టర్‌కు చెప్పి మందు మోతాదు సరిచేయించుకుంటే ఈ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. ఆ పుస్తకంలోని అంకెలు కూడా వెంట తీసుకెళ్లండి, మోతాదు తేల్చడానికి వాళ్లకు కావలసింది అవే.